నెల సూది

ఆంప్యూల్ చిన్నది, ఒక్క మిల్లీలీటరుది. వెలుతురుకు పట్టి చూస్తే లోపల లేత పసుపు ద్రవం. వంచితే నీళ్లలా గబుక్కున కదలదు, బద్ధకంగా జారుతుంది. అది నువ్వుల నూనె మరి. మనం ఆవకాయలో పోసుకునే నూనెనే మందుల స్థాయిలో శుద్ధిచేసి, అందులో 25 మిల్లీగ్రాముల ఫ్లూఫెనజైన్ డెకనోయేట్ కరిగించారు. స్కిజోఫ్రీనియా ఉన్న మనిషికి పిరుదు కండరంలో లోతుగా వేస్తే రెండు నుంచి నాలుగు వారాలు పనిచేస్తుంది. దవాఖాన చీటీ మీద ఏ పేరు రాసినా ఇళ్లలో దాన్ని "నెల సూది" అనే అంటారు.

వేయడానికి నిమిషం చాలు. కానీ వేశాక వెనక్కి తీయలేం. గోలీ పడకపోతే రేపటి నుంచి మానేయొచ్చు. ఈ నూనె ఒకసారి కండరంలోకి దిగిందంటే, పడినా పడకపోయినా వారాలపాటు అక్కడే ఉంటుంది. అందుకే దీని భద్రత గురించి మాట్లాడేటప్పుడు నర్సు చేతిలోని సిరంజి దగ్గరే ఆగిపోతే సగం కథే చెప్పినట్టు. తక్కిన సగం ఇంట్లో, పొలంలో, ఎండలో, కల్లు కాంపౌండులో నడుస్తుంది.

మహేశ్వరం వైపు నుంచి ఈ సూది కోసం బయలుదేరిన కుటుంబానికి పాత దారి ఒకటే. ఊళ్లో బస్సెక్కి, శ్రీశైలం రోడ్డు మీది మహేశ్వరం గేటు, తుక్కుగూడ, చాంద్రాయణగుట్ట దాటి నగరంలోకి రావాలి. అక్కణ్నుంచి మళ్లీ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి. అంటే హైదరాబాదును దక్షిణపు కొస నుంచి వాయవ్యం దాకా అడ్డంగా కోసుకుంటూ పోవడం. జాల్నా నుంచి 1953లో ఇక్కడికి తరలివచ్చిన ఆ మానసిక చికిత్సాలయం పేరు వెక్కిరింతగా కూడా వాడుకలోకి ఎక్కింది. "వీణ్ని ఎర్రగడ్డకు తోలాలె" అనని హైదరాబాదీ ఉండడు. (కోస్తావాళ్లకు ఆ పాత్ర విశాఖపట్నం ఆసుపత్రిది, అది 1871 నాటిది.) రోజుకూలీ మీద బతికే ఇంట్లో రోగితోపాటు ఇంకొకరి కూలీ కూడా ఆ రోజుకు పోతుంది. రోజూ మింగే గోలీ కంటే నెలకోసారి వేసే సూది ఇలాంటి ఇంటికి ఎందుకు నయమో చెప్పడానికి ఫార్మకాలజీ అక్కర్లేదు.

మందు పనిచేసే తీరు చూడాలంటే మెదడులో సందేశాలు మోసే డోపమైన్ అనే రసాయనం దగ్గర మొదలుపెట్టాలి. 1952లో పారిస్‌లోని సెంట్ ఆన్ ఆసుపత్రిలో డెలే, డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజైన్ అనే మందు ఇచ్చినప్పుడు, ఏళ్లతరబడి లేని గొంతులు వింటున్న రోగులు నెమ్మదించారు. ఎందుకు నెమ్మదించారో అప్పటికి వాళ్లకూ తెలియదు. 1963లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ ఎలుకల మెదళ్లలో జాడ పట్టాడు. ఈ మందులు డోపమైన్‌ను అందుకునే గ్రాహకాలను ఆక్రమించి దాని సందేశాన్ని అడ్డుకుంటున్నాయన్నది ఆయన సూచన. డోపమైన్ మీద చేసిన పనికి ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది. తర్వాతి కాలంలో బతికున్న మనిషి మెదడునే స్కాన్ చేసి లెక్క కట్టారు. డీ2 అనే రకం గ్రాహకాల్లో సుమారు 65 శాతాన్ని మందు ఆక్రమిస్తే భ్రమలు, భ్రాంతులు తగ్గడం మొదలవుతుంది. 80 శాతం దాటితే చేతులు వణుకుతాయి, ఒళ్లు బిగుసుకుంటుంది, ముఖంలో కదలిక పోతుంది. పాతతరం యాంటీసైకోటిక్ మందు ఇవ్వడమంటే ఈ ఇరుకు సందులో నడవడమే.

ఇక్కడ మన చెట్టు ఒకదాన్ని తలుచుకోకుండా ముందుకు పోబుద్ధి కావడం లేదు. పాతాళగరుడి, అదే సర్పగంధ. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దాని వేరు ఉన్మాదానికీ రక్తపోటుకూ పనిచేస్తోందని వైద్యపత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ ఆ వేరు నుంచి రిసర్పిన్‌ను వేరుచేసింది. 1954లో అమెరికాలో నేథన్ క్లైన్ దాన్ని మానసిక రోగుల మీద వాడి చూశాడు. క్లోర్‌ప్రోమజైన్ డోపమైన్‌కు అడ్డం పడితే, రిసర్పిన్ నాడీకణంలోని డోపమైన్ నిల్వలనే ఖాళీ చేస్తుంది. దారులు వేరైనా ఇద్దరూ చేరింది ఒకే ఊరికి. రక్తపోటు పడిపోవడం, దిగులు కమ్మడం వంటి ఇబ్బందుల వల్ల రిసర్పిన్ ఈ వైద్యం నుంచి తప్పుకుంది. 'ప్రకృతి మందు కాబట్టి హాని ఉండదు' అనేవాళ్లు ఈ చరిత్ర ఒకసారి చదవాలి.

ఇక నూనె సంగతి. ఫ్లూఫెనజైన్ క్లోర్‌ప్రోమజైన్ కుటుంబానిదే, దానికంటే ఎన్నో రెట్లు ఘాటైనది. దాన్ని నేరుగా సూదిలో ఇస్తే ఒకటి రెండు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. 1960ల రెండో సగంలో రసాయన శాస్త్రవేత్తలు దానికి ఒక కొవ్వుతోక తగిలించారు. అది పది కర్బన పరమాణువుల డెకనోయిక్ ఆమ్లం, కొబ్బరినూనెలోనూ మేకపాలలోనూ ఉండేదే. తోక తగలగానే అణువు నీళ్లను వదిలి నూనెను పట్టుకుంటుంది. కండరంలో దిగిన నూనె చిన్న మడుగులా నిలబడి, చెరువు కింది పొలానికి తూము నుంచి నీళ్లు వదిలినట్టు, మందును కొంచెం కొంచెంగా బయటికి వదులుతుంది. బయటికొచ్చిన అణువు తోకను ఒంట్లోని ఎంజైములు కోసేస్తాయి. అప్పుడు మిగిలేది అసలు ఫ్లూఫెనజైన్, అది మెదడుకు చేరుతుంది. నెల సూదిగా వేసే మరో మందు హాలోపెరిడాల్ డెకనోయేట్‌దీ ఇదే పద్ధతి, నూనె కూడా అదే. నువ్వులు పడని మనిషి ఆ సంగతి ముందే చెప్పాలి.

అయితే ఈ రెండు సూదుల నడక ఒకటి కాదు. ఫ్లూఫెనజైన్ వేసిన మొదటి 24 గంటల్లోనే రక్తంలో ఒక్కసారిగా పైకి లేచి, తర్వాత దిగి, నెమ్మదిస్తుంది. హాలోపెరిడాల్ డెకనోయేట్ అలా ఎగరదు, సుమారు ఆరో రోజుకు శిఖరం చేరుతుంది. దాని అర్ధాయువు దాదాపు మూడు వారాలు, అంటే రక్తంలోని మందు సగానికి తగ్గడానికి అంత సమయం పడుతుంది. ఈ ఒక్క అంకె నుంచి చాలా సంగతులు తెలుస్తాయి. సూది మొదలుపెట్టాక ఒంట్లో మందు ఒక స్థాయిలో నిలబడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోపు 'పనిచేయడం లేదు' అని మోతాదు పెంచుకుంటూ పోతే, మూడో నెలలో అన్నీ కలిసి మీదపడతాయి.

ఆపినప్పుడూ అంతే ఆలస్యం. "రెండు నెలలైంది సూది బంద్ చేసి, ఏం గాలే, మంచిగనే ఉన్నడు." ఈ మాట అనని ఇల్లు అరుదు. నిజంగానే ఏమీ కాదు. హాలోపెరిడాల్ డెకనోయేట్ అయితే మూడు వారాలకు సగం, ఆరు వారాలకు పావు, తొమ్మిది వారాలకు ఎనిమిదో వంతు మందు ఒంట్లో ఇంకా ఉంటుంది. తొమ్మిది వారాలంటే రెండు నెలలే కదా! మనిషిని అన్నాళ్లూ నిలబెట్టింది ఆ మిగులు. అది అడుగంటాక నిద్ర చెడుతుంది, తర్వాత అనుమానాలు వస్తాయి. అప్పటికి సూది మానేసిన సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు, కారణం ఎక్కడో వెతుకుతారు, బాణామతి దాకా పోతారు. 2012లో లాన్సెట్ ప్రచురించిన ఒక సమీక్ష 65 పరీక్షలను కలిపి చూసింది. మందు కొనసాగించినవాళ్లలో ఏడాదిలో 27 శాతం మందికి జబ్బు తిరగబెడితే, ఆపినవాళ్లలో 64 శాతం మందికి తిరగబెట్టింది. ఆపిన నూరుమందిలో ముప్పై ఆరుగురు ఆ ఏడాది బాగానే ఉన్నారన్న మాటనూ దాచకూడదు. ఆ ముప్పై ఆరుగురు ఎవరో ముందుగా చెప్పే పరీక్ష ఇంకా లేదు, చిక్కంతా అక్కడే.

శంషాబాద్ విమానాశ్రయం నుంచి గల్ఫ్‌కు పోయే కుర్రవాడి విషయంలో ఈ లెక్క మరీ ప్రమాదకరం. చివరి సూది ఇక్కడ వేయించుకుని విమానమెక్కితే, మొదటి రెండు నెలలు అక్కడ కుదురుగా పనిచేసుకుంటాడు. మందు అడుగంటేది మూడో నెలలో, కొత్త దేశంలో, లేబర్ క్యాంపులో. ఆ దేశాల్లో మానసిక వైద్యపు మందుల మీద నిబంధనలు గట్టివి. డాక్టరు చీటీ తప్పనిసరి, కొన్ని మందులకు ముందస్తు అనుమతి కూడా కావాలి. వీసా చేతికొచ్చిన రోజే ఈ సంగతి డాక్టరుతో మాట్లాడుకోవాలి.

సూది వేసే గదిలోకి వద్దాం. మొదటిసారి ఎప్పుడూ నేరుగా నెల సూది వేయకూడదు. అదే మందును గోలీలుగా కొన్నాళ్లు ఇచ్చి, పడిందో లేదో చూడాలి. ఆ తర్వాత కూడా ముందు చిన్న మోతాదు, ఫ్లూఫెనజైన్ అయితే 12.5 మిల్లీగ్రాములు వేసి గమనించాలి. సిరంజి, సూది పొడిగా ఉండాలి, తడి తగిలితే నూనె మబ్బుగా మారుతుంది. ఇంత చిక్కటి ద్రవం సన్నసూదిలోంచి రాదు కాబట్టి 21 గేజి సూది తీసుకుంటారు. పిరుదులో పై బయటి భాగం తప్ప ఇంకెక్కడ గుచ్చినా కాలికి పోయే పెద్దనరం దెబ్బతినే భయం ఉంది. చర్మాన్ని ఓ పక్కకు లాగిపట్టి గుచ్చి, నూనెను నింపాదిగా వదిలి, కొంచెం ఆగి, సూది తీశాక చర్మాన్ని వదిలేస్తే దారి వంకరై మూసుకుపోతుంది, నూనె వెనక్కి కారదు. ఆ చోట రుద్దకూడదు. రుద్దితే మడుగు చెదిరి మందు తొందరగా బయటపడుతుంది. మన దగ్గర సూది పడగానే రుద్దడం అలవాటు, కాబట్టి ఈ మాట చెప్పి పంపాలి. రక్తనాళంలోకి మాత్రం ఈ నూనె ఎట్టి పరిస్థితిలోనూ పోకూడదు.

"పోయినసారి ఎటు దిక్కు వేసిండ్రమ్మా?"

"కుడి దిక్కే సిస్టర్."

"అయితే ఇయ్యాల ఎడమ దిక్కు."

ఓపీ గదిలో మామూలుగా వినిపించే ఈ మూడు ముక్కలు వైద్యంలో భాగమే. ఒకేచోట నెలనెలా గుచ్చితే కండరం గట్టిపడి గడ్డకడుతుంది, అక్కడ వేసిన మందు ఎప్పుడు ఎంత బయటికొస్తుందో చెప్పలేం. ఏ పక్క వేశారో, ఎంత వేశారో, తేదీతో సహా కార్డు మీద రాయించుకోవాలి. తేదీ దాటిపోతే తర్వాతి నెల రెండూ కలిపి వేయించుకునే లెక్క ఈ మందుకు లేదు.

అరుస్తూ కొట్టడానికి వస్తున్న మనిషిని అప్పటికప్పుడు శాంతపరచడానికి నెల సూది వాడటం శుద్ధ పొరపాటు. దాని పని రోజుల్లో, వారాల్లో తెలుస్తుంది, అప్పటికప్పుడు ఉపయోగపడదు. ఆ పనికి వేరే మందులున్నాయి. వాటిలో ఏది మేలో తేల్చిన పరీక్షలు మనకు దగ్గర్లోనే, చిత్తూరు జిల్లావాళ్లు రాయవేలూరు అని పిలుచుకునే వెల్లూరులో జరిగాయి. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 2004లో ప్రచురితమైన పరీక్షలో 200 మంది, 2007 నాటి దాంట్లో 300 మంది పాల్గొన్నారు. రెండో పరీక్షలో ఖరీదైన ఓలాంజపిన్ సూదిని చవకైన హాలోపెరిడాల్, ప్రోమెథజైన్ జోడీతో పోల్చారు. మొదట్లో రెండూ సమానంగానే పనిచేశాయి. కానీ నాలుగు గంటల్లోపు ఇంకో మందు అవసరమైనవాళ్లు ఓలాంజపిన్ తీసుకున్నవాళ్లలో 43 శాతం, జోడీ తీసుకున్నవాళ్లలో 21 శాతమే. ప్రోమెథజైన్ లేకుండా హాలోపెరిడాల్ ఒక్కటే ఇచ్చిన బ్రెజిల్ పరీక్షలో కండరాలు మెలిపడిన కేసులు ఎక్కువై మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. దగ్గుమందుల సీసాలో కనిపించే ప్రోమెథజైన్‌కు ఇంత గౌరవం దక్కడం నాకు ముచ్చటగా ఉంటుంది.

ఆ మెలి ఎలా ఉంటుందో నెల సూది వేయించుకునే ప్రతి ఇంటికీ తెలియాలి. సూది పడిన మొదటి రెండు మూడు రోజుల్లో, ముఖ్యంగా వయసు కుర్రవాళ్లలో, మెడ ఉన్నట్టుండి ఓ పక్కకు తిరిగిపోతుంది. కనుగుడ్లు పైకిపోయి కిందికి దిగవు. నాలుక బయటికి పొడుచుకొస్తుంది, దవడ పట్టేస్తుంది. తెలివి మాత్రం పూర్తిగా ఉంటుంది, పిలిస్తే పలకాలని చూస్తాడు. చూసినవాళ్లు ఫిట్సనో గాలి సోకిందనో అనుకుంటారు. దగ్గర్లోని దవాఖానలో ప్రోమెథజైన్ సూది వేస్తే నిమిషాల్లో సర్దుకుంటుంది. అయితే ఫలానా రోజు ఫలానా సూది పడిందని అక్కడి డాక్టరుకు చెప్పాలి. కార్డు అవసరమయ్యేది అప్పుడే.

ఇంకో ఇబ్బంది ఇంత కొట్టొచ్చినట్టు కనిపించదు. మనిషి కూర్చోలేడు, కూర్చున్నా కాళ్లు ఆడిస్తూనే ఉంటాడు, లేచి వాకిట్లో పచార్లు చేస్తాడు, రాత్రి పక్కమీద ఉండలేడు. ఇంట్లోవాళ్లు "మళ్లీ మొదలైంది" అంటారు. డాక్టరు తొందరలో ఉంటే మోతాదు పెరుగుతుంది, దాంతో పచార్లూ పెరుగుతాయి. అకథీసియా అనే ఈ బాధ మందు వల్ల వచ్చింది. నడవకుండా ఉండలేకపోతున్నావా, నడవాలనిపించి నడుస్తున్నావా అని ఆ మనిషినే అడిగితే చాలావరకు తేలిపోతుంది. ఏళ్ల తరబడి పాతతరం మందు వాడేవాళ్లలో ఏడాదికి నూటికి సుమారు ఐదుగురికి పెదవులు, నాలుక వాటంతటవే కదిలే జబ్బు కూడా మొదలవుతుంది. అది ఒకసారి వస్తే పూర్తిగా పోతుందని చెప్పలేం, అందుకే ఆరేడు నెలలకోసారైనా నోరు తెరిపించి చూడాలి.

అన్నిటికంటే మన ప్రాంతానికి ఎక్కువ పట్టేది ఎండ. యాంటీసైకోటిక్ మందు మెదడులో ఒంటి వేడిని అదుపుచేసే కేంద్రాన్ని మందగింపజేస్తుంది. వణుకు తగ్గడానికి దానితోపాటు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ చెమట పట్టనివ్వదు. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీల ఎండలో శంషాబాద్, తుక్కుగూడ చుట్టూ లేస్తున్న భవనాల మీద ఇటుకలు మోసే మనిషికి ఈ రెండూ కలిస్తే వడదెబ్బ తగిలే ముప్పు పెరుగుతుంది. వేసవిలో పని వేళలు మార్చుకోవాలన్న సలహా చీటీ మీద మందు పేరు పక్కనే ఉండాలి.

పైగా వడదెబ్బలాగే కనిపించే ఇంకో ప్రమాదం ఉంది. అరుదుగా ఈ మందుల వల్ల తీవ్రమైన జ్వరం వచ్చి, ఒళ్లు కట్టెలా బిగుసుకుని, చెమటలు పట్టి, మాట తికమకపడి, రక్తపోటు ఎగుడుదిగుడవుతుంది. న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అంటారు. వడదెబ్బ మనిషి ఒళ్లు సాధారణంగా వదులుగా ఉంటుంది, ఇందులో బిగుస్తుంది. రక్తంలో సీపీకే పరీక్ష చేస్తే కండరాలు దెబ్బతిన్న సంగతి బయటపడుతుంది. గోలీలైతే ఆపేయొచ్చు. నూనె కండరంలోనే ఉంటుంది కాబట్టి నెల సూది వేసుకున్నవాళ్లు కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది, ఐసీయూలో ఉంచి కాచుకోవాలి. జ్వరమూ బిగుతూ కలిసి కనిపిస్తే పారాసెటమాల్ ఇచ్చి తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు.

బీడీ, కల్లు కూడా ఈ లెక్కలో చేరతాయి. పొగలోని హైడ్రోకార్బన్లు కాలేయంలోని ఎంజైములను పురిగొల్పుతాయి. నెల సూది ఫ్లూఫెనజైన్ పొగతాగేవాళ్లలో రెండింతల వేగంతో ఖర్చయిపోతున్నట్టు 1980లలోనే గమనించారు. క్లోజపిన్, ఓలాంజపిన్ గోలీలు వాడే మనిషి ఒక్కసారిగా బీడీ మానేస్తే అదే మోతాదు ఎక్కువైపోతుంది. మానడం మంచిదే, డాక్టరుకు చెప్పి మానాలి. ఇక కల్లు. ఈత, తాటి చెట్ల నుంచి దిగిన కల్లు వేరు, ఆల్ప్రజోలమ్ కలిపిన కల్లు వేరు. 2015లో ప్రభుత్వం కల్తీకల్లు మీద దాడులు పెంచినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో దవాఖానలు ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో వచ్చినవాళ్లతో నిండాయి. కల్లు దొరక్క వచ్చిన ఆ తికమకను పాతజబ్బు తిరగబెట్టిందనుకుని యాంటీసైకోటిక్ సూది పెంచితే నష్టం రెండింతలు, ఎందుకంటే ఈ మందులు ఫిట్స్ వచ్చే గీతను ఇంకా కిందికి దించుతాయి. మొదట అడగాల్సిన ప్రశ్న చివరిసారి కల్లు ఎప్పుడు తాగాడని.

"నాకేం రోగం లేదు" అనే మనిషికి పప్పులో గోలీ నూరి కలిపే తల్లిని తప్పుపట్టడం తేలిక. ఆమెకు ఇంకో దారి ఎవరూ చూపించలేదు. కానీ మెడ మెలిపడ్డ రోజు ఆ కొడుకుకు తన ఒంట్లో ఏముందో తెలియదు, ఎవరికీ చెప్పలేడు. రహస్యం బయటపడ్డ రోజు పప్పే కాదు, ఆమె చేతి అన్నమే ముట్టడు. బలవంతంగా పట్టుకుని వేయించే నెల సూది దీనికి మందు కాదు. మాట్లాడి, ఒకటికి రెండు మందులు చూపించి, ఏది ఎంచుకుంటావని అడిగితే ఒప్పుకునేవాళ్లు మనం అనుకునేదానికంటే ఎక్కువ. మొక్కుల విషయంలోనూ నా అభిప్రాయం ఇదే. కొత్తూరు దగ్గర ఇన్ముల్‌నర్వలోని జహంగీర్ పీర్ దర్గాకు మొక్కుకునేవాళ్లను ఆపనక్కర్లేదు. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా దగ్గర దువాతోపాటే దవా ఇచ్చే క్లినిక్ పెట్టి చూపించారు. ఆపాల్సింది గొలుసులను. తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర మానసిక రోగులను ఉంచిన ఆశ్రమంలో 2001 ఆగస్టు 6న మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసు వేయడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది.

ఎర్రగడ్డ దూరం కొంత తగ్గే సూచనలున్నాయి. 2024లో మహేశ్వరానికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, మెడికల్ కాలేజీ అన్నాక మానసిక వైద్య విభాగం ఉండాలన్నది నిబంధన. 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణికి 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. సూది తేదీ దాటిపోయింది, ఏం చేయాలి అన్న ప్రశ్నకు బస్సు ఎక్కనక్కర్లేదు.

అదే 2017 చట్టంలో చాలామందికి తెలియని సదుపాయం ఇంకొకటి ఉంది. మనిషి బాగున్న రోజుల్లో, తనకు మళ్లీ జబ్బు వస్తే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసి పెట్టుకోవచ్చు, తన తరఫున మాట్లాడే మనిషినీ పేర్కొనవచ్చు. ఫ్లూఫెనజైన్ పడి మెడ మెలిపడింది కాబట్టి అది వద్దు, హాలోపెరిడాల్ పడింది, నువ్వులు పడవు, సూది వేసేముందు అక్కను పిలవండి అని రాయొచ్చు. అత్యవసర పరిస్థితి తప్పిస్తే డాక్టరు ఆ కాగితాన్ని పాటించాలి. పాటించడం సరికాదనిపిస్తే తనంతట తాను పక్కన పెట్టడానికి లేదు, మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి వెళ్లి అడగాలి.